ఎల్లస్వామి చదివిన బి.ఏ.

బి.ఏ. పాసైంది కౌసల్య. అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్ల పలకరింపులన్నీ అందుకుంటున్నది మాత్రం ఆమె మొగుడు ఎల్లస్వామి.

ఆలేరు స్టేషన్లో పార్సిల్ క్లర్కు ఆయన. నందికొండ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట లేస్తున్న రోజులవి. అక్కడి కాలనీలో పెట్టిన హైస్కూలుకు బి.ఏ. చదివిన ఆడ టీచరు కావలసి వచ్చి కౌసల్యను రమ్మన్నారు. సోమవారం చేరాలి. పొమ్మనో వద్దనో ఎల్లస్వామి ఇంకా తేల్చలేదు. ఊళ్లో ఎవరింటి సంగతైనా చిటికెలో తేల్చేసే మనిషి, తన ఇంటి సంగతి దగ్గరికి వచ్చేసరికి నోరు బిగించుకుని తిరుగుతున్నాడు.

కారణం కడుపుమంట. దానికి ఇంకో పేరు పెట్టి లాభం లేదు. ఎందుకంటే బి.ఏ. కోసం ముందు బయలుదేరింది ఆయనే. పగలు కొలువు చేసుకునేవాళ్ల కోసం సికింద్రాబాదులో సాయంత్రం కాలేజీ ఉంటే, రైల్వే పాసు చేతిలో ఉంది కదా అని చేరాడు. నిజాం జమానాలో ఉర్దూ బడిలో చదువుకున్న మనిషి. మొదటిరోజు హాజరు పిలుస్తుంటే పాత అలవాటు కొద్దీ లేచి, చేతులు కట్టుకుని, "హాజిర్ జనాబ్" అన్నాడు. ఇంగ్లీషులో పలికే పడుచు గుమస్తాలంతా ఘొల్లున నవ్వారు. ఆ తర్వాత ఆయన పేరు పిలిచినా పలకలేదు. పలకకపోతే హాజరు పడదు. నూటికి డెబ్బై అయిదు హాజరు లేనిదే పరీక్షకు కూర్చోనివ్వరు. కూర్చున్నా, ఇంగ్లీషు గట్టెక్కనిదే మిగతావి ఎన్ని పాసైనా డిగ్రీ చేతికి రాదు. ఏడాది తిరక్కముందే మానుకున్నాడు.

ఆయన కొన్న పుస్తకాలు గూట్లో పడి ఉంటే కౌసల్య దుమ్ము దులిపి చదివింది. ఆడవాళ్లు కాలేజీకి పోకుండా ఇంట్లో చదివి ప్రైవేటుగా రాసుకోవచ్చన్నారు. మెట్రిక్ దగ్గర ఆగిన పిల్ల ముందు పి.యు.సి., ఆ వెనక బి.ఏ., వంట చేస్తూనే ఒక్కొక్కటి రాసుకుంటూ పోయింది. అవే పుస్తకాలు, అదే గూడు, అదే దీపం. ఎల్లస్వామికి మింగుడుపడనిది అదే.

ఆ సాయంత్రం అరుగు మీదికి ముగ్గురు చేరారు. గింజల వ్యాపారం చేసే కాటమయ్య, స్టేషన్లో పాయింట్స్‌మన్ అంజయ్య, పక్కింటి సోమమ్మ అవ్వ. కౌసల్య లోపల చాయ్ పెడుతున్నది.

"మొత్తానికి మీ ఇంట్లకు బి.ఏ. వచ్చింది, బాబూ," అన్నాడు కాటమయ్య.

"కొత్తగ వచ్చుడేంది, కాటమయ్యా? అది ఎప్పటిసంది ఈ ఇంట్లనే ఉన్నది," అన్నాడు ఎల్లస్వామి, వంటింట్లోకి వినపడేంత గొంతుతో. "ఆమె జర చెయ్యి ఆడించింది, గంతే. నేను ఉన్నదున్నట్టు చెప్త, కోతలు కోసుడు నాకు చేతగాదు. ఒక దినం ఇంగ్లీషు పాఠం సమజైతలేదని వచ్చింది. ఒక్క పాఠమే చెప్పిన. పార్సిల్ ఆఫీసుకు పొయ్యేటోన్ని, చెప్పులేసుకుంట చెప్పిన."

"ఒక్క పాఠం జెప్పుడు మంచిదే," అన్నది సోమమ్మ.

ఒక్క పాఠానికి వాళ్లు తల ఊపిన తీరు ఆయనకు చాలలేదు. లోపల గిన్నె మూత చప్పుడైంది. అది తనను వెక్కిరించినట్టే అనిపించింది.

"చెప్పులేసుకుంట అంటె చిన్న ముచ్చట అనుకునేరు. నా చదువు అసలు ఎసొంటిదో మీకేం ఎరుక. సికింద్రాబాదు కాలేజీల మొదటి దినం హాజరు పిలిచిండ్రు. నేను లేచి 'హాజిర్' అన్న. ఏమైందో ఎరుకేనా? కిటికీల అద్దాలు గజగజమన్నయి. లెక్చరర్ సారు కుర్చీలకెల్లి లేచి నిలబడ్డడు. గసొంటి గొంతు నిజాం దర్బార్ల గూడ ఇనలేదన్నడు. క్లాసుల ఉన్నోళ్లంత నోళ్లు మూసుకున్నరు, చీమ చిటుక్కుమంటె ఒట్టు. అందరికీ నూటికి డెబ్బై అయిదు హాజరు పడుడే గగనం గదా, నాకు నూట ముప్పై పడ్డది."

"నూటికి నూట ముప్పై ఎట్లొస్తది, బాబూ?" అన్నాడు అంజయ్య.

"ఎట్లేంది? ఐతారం పోయి కూసున్న, పండుగనాడు పోయి కూసున్న, కాలేజీ బంద్ అని చప్రాసి తాళమేసుకుంటాంటె కిటికీల నుంచి దూకి కూసున్న. సారు రాని దినం నేనే బోర్డు మీద రాసి నేనే పాఠం చెప్పిన, నాకు నేనే ప్రశ్న అడుగుకున్న, తప్పు చెప్తే నన్ను నేనే బెంచీ మీద నిలబెట్టుకున్న. గా దినాలకు రెండేసి హాజర్లు పడ్డయి, ఒకటి చదివేటోనిగ, ఒకటి చెప్పేటోనిగ."

కాటమయ్య మీసం చాటున నవ్వుకున్నాడు. ఆ నవ్వు చూసి ఎల్లస్వామికి ఇంకా ఉబలాటం పుట్టింది. మానేసిన కాలేజీలో ఇంతమందిని నోరెత్తకుండా కూర్చోబెట్టడం ఆయనకు మహా హాయిగా ఉంది.

"ఇగ పరీక్ష సంగతి ఇనుండ్రి. ఇంగ్లీషు పేపరు. అందరు గజగజ వణుకుతాండ్రు. నేను ముందుగాల ఉర్దూల రాసిన, దాని కింద తెలుగుల రాసిన, దాని కింద ఇంగ్లీషుల రాసిన, ఏది కావాల్నంటె అది తీసుకోమన్న. కాయితాలు ఇచ్చుకుంట ఇచ్చుకుంట ఆ సారు చేతులు గుంజినయి. బజార్ల దొరికిన కాయితమంత అయిపోయింది, హైదరాబాదుల పెండ్లి కార్డులు అచ్చు గాక లగ్గాలు ఆగిపోయినయి. నా జవాబులు చేతులతోని మోసేదందుకు వశం గాలే. ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? దిద్దేదందుకు దూరం ఊరికి పంపాలని ఇటే వచ్చినయి, మన ఆలేరు పార్సిల్ ఆఫీసుకు. నేనే తూకం వేసిన, నేనే గూడ్సు బండికి ఎక్కించిన. కాజీపేట దాటినంక ఎత్తు కాడ ఇంజను గుంజలేక ఎనుకకు జారింది. అడుగు ఈ అంజయ్యను, ఆ దినం లైను ఇచ్చింది ఈయనే."

"నాకు యాదికి లేదు, బాబూ," అన్నాడు అంజయ్య.

"నీకు యాదికుండదు, అది చానా పెద్ద ముచ్చట."

"గంత రాస్తే మరి నీకు బి.ఏ. ఎందుకియ్యలే?" అన్నాడు కాటమయ్య.

మిగతా ఇద్దరు కూడా ఎల్లస్వామి మొహంలోకి చూశారు. ఆ ప్రశ్న ఆయన రాత్రుళ్లు తనకు తాను వేసుకునేదే. కాని ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోలేదు.

"ఇస్తమనే వచ్చిండ్రు. యూనివర్సిటీ పెద్దసారు మోటరేసుకుని మా ఆఫీసుకొచ్చి, కోడిగంపల నడుమ నిలబడి చేతులు పట్టుకున్నడు. 'ఎల్లస్వామీ, నీకు బి.ఏ. ఇస్తే ఇగ ఎవ్వరికిచ్చినా దానికి ఇజ్జత్ ఉండదు, మా కాలేజీలన్ని మూతపడ్తయి, జర దయ చూడు' అన్నడు. సరే పో, మా ఇంటామెకు ఇయ్యమన్న. అయితె ఆమెతోని ఉత్తగ పరీక్ష రాయిస్తమన్నడు, లోకం కోసం. ఆమె హైదరాబాదుల కూసుండి కలం పట్టుకునేది. నేను ఆలేరుల కూసుండి పార్సిళ్లు తూకమేసుకుంట మనసుల జవాబు అనుకునేది. ఇక్కడ నేను అనుకుంటాంటె అక్కడ కలం ఉరుకుతాంది. నడుమల ఒకపారి నాకు తుమ్మొచ్చింది, అక్కడ కాయితం మీద సిరా చుక్క పడ్డది. అడుగుండ్రి కావాల్నంటె."

లోపల చప్పుళ్లు ఆగిపోయాయి. కౌసల్య వింటున్నదని ఎల్లస్వామికి తెలిసింది. వినాలనే ఆయన చెబుతున్నాడు.

"ఆఖరు పరీక్ష నాడైతె ఏమైంది? ఈమె ఆలస్యం చేసింది. రైలు కదిలింది. పరీక్ష తప్పితె మళ్ల ఏడాది దాక లేదు. నేను పార్సిల్ ఆఫీసుల నుంచి ఒక్క దూకు దూకి ఎనుక గార్డు డబ్బా కమ్మీ పట్టుకున్న, ఒక్క చేత్తోని. ఇంకో చేతిల చాయ్ గ్లాసు ఉండె, చుక్క తొణకలే. ఇంజను బుసలు కొట్టింది, చక్రాలు ఉన్నకాడనే తిరిగినయి, పట్టాలు ఎర్రగ కాలినయి. డ్రైవరు తొంగిచూసి 'ఎవరు, ఎల్లస్వామి బాబా, తప్పైంది' అని దండం పెట్టిండు. ఆమె తాపీగ వచ్చి ఎక్కి కూసున్నంక వదిలిపెట్టిన. బండి బాణమోలె పోయింది, సికింద్రాబాదుల ఆగలేక హుసేన్ సాగర్ దాక పోయి ఎనుకకు వచ్చింది."

అంజయ్య తువాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఎల్లస్వామి మాత్రం నవ్వలేదు. తాను చెప్పదలచుకున్నది ఇప్పుడు వస్తున్నది.

"అందుకే అంటున్న. బి.ఏ. నాది. చదువు నాది, జవాబు నాది, రైలు నేనే ఆపిన. ఈమె నందికొండకు పోతది, అక్కడ పిల్లలు ఒక ప్రశ్న అడుగుతరు, జవాబేమో ఆలేరు పార్సిల్ ఆఫీసుల ఉంటది. నవ్వులపాలైతం. పోవుడేం వద్దు. ఇంట్లనే ఉంటది."

ఇంతసేపూ నవ్వుతూ విన్నవాళ్లకు అప్పుడర్థమైంది, ఈ కథంతా ఎక్కడికి నడిచివచ్చిందో. కాటమయ్య ఏదో అనబోయి, మొగుడూ పెళ్లాల సంగతి మనకెందుకని ఊరుకున్నాడు.

సోమమ్మ అవ్వ ఊరుకోలేదు.

"రైలునాపినవు, మంచిగనే ఉన్నది, ఎల్లసామీ. మరి ఆ దినం పొద్దుగాల ఇంటికి తాళమేసి పోయిందెవలు, బిడ్డా?"

ఎల్లస్వామి ఉలిక్కిపడ్డాడు. "ఆమె ముందే పోయిందనుకున్న, అవ్వా. మరిచిపోయి ఏసిన. అలవాటు."

"దొడ్లె నీళ్ల చప్పుడు నా ఇంట్లకే ఇనొచ్చింది, నీకు ఇనరాలేదా? పిల్ల తానం చేసొచ్చి లోపట్నుంచి తలుపు బాదుతాంది. దొడ్డిగోడ ఎక్కరాదాయె. నువ్వాయె స్టేషన్ల కూసుంటివి. వడ్లు దంచే రోకలి తెచ్చి నేను ఆ తాళమూడగొట్టిన. తడితలతోనే ఉరికింది. నువ్వు రైలు పట్టుకున్నవో లేదో నాకెరుక లేదు గని, నేనైతె రోకలి పట్టుకున్న. ఇప్పటికీ జబ్బ నొస్తది."

అంజయ్య తువాలు దించి నేల చూపులు చూశాడు.

ఎల్లస్వామికి ఆ పొద్దు కళ్లముందు నిలబడింది. తాళం చెవి జేబులోనే ఉంది. ఉందని తెలుసు. దొడ్లో నీళ్ల చప్పుడూ విన్నాడు. బండి కూత పెట్టినప్పుడు లేచి ఇంటికి పోదామని ఒకసారి అనిపించింది కూడా, కాని లేవలేదు. అంతలో వీపంతా తడిసిన రవికెతో కౌసల్య ప్లాట్‌ఫారం మీద ఉరుకుతూ కనిపించింది. తనను చూస్తుందేమోనని తూకం రాళ్ల మీదికి వంగిపోయాడు. బండి ఆమెను ఎక్కించుకుని వెళ్లిపోతుంటే హమ్మయ్య అనుకోవలసిన మనిషికి కడుపులో భగ్గుమంది. ఆమె అడగలేదు, ఆ రోజూ అడగలేదు, ఇప్పటిదాకా అడగలేదు. అందుకే తెలియదనుకున్నాడు.

కౌసల్య చాయ్ గ్లాసులు పట్టుకుని బయటికి వచ్చింది. ముందు సోమమ్మకు ఇచ్చింది, తర్వాత కాటమయ్యకు, అంజయ్యకు, ఆఖరున మొగుడికి. ఆయన తలెత్తకుండానే అందుకున్నాడు.

ఇంతసేపూ ఎల్లస్వామినే అడుగుతున్న కాటమయ్య ఈసారి ఆమె వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. పోతున్నవా మరి?"

"పోతున్న, కాటమయ్యన్నా. ఐతారం పొద్దుగాల," అన్నది కౌసల్య.

"భువనగిరి దాక రైలుకు పోయి, అక్కడ బస్సెక్కుతవా?" అన్నాడు అంజయ్య.

"లేదన్నా. ఇక్కడనే బస్సెక్కి నార్కట్‌పల్లి మీదికెల్లి పోత." ఆమె ఖాళీ పళ్లెం చంకలో పెట్టుకుని మొగుడి వైపు ఒకసారి చూసింది. "రైలైతె ఈయన ఆపుతడు."

సోమమ్మ అవ్వకు చాయ్ పొలమారింది. కాటమయ్య, అంజయ్య ఒకరి భుజం ఒకరు పట్టుకుని కళ్లు తుడుచుకునేదాకా నవ్వారు. బస్సునాపిన కథ కూడా ఎల్లస్వామి దగ్గర ఉండే ఉంటుంది. కాని ఆ పూట ఆయన దాన్ని చాయ్‌తో పాటే మింగేశాడు.