కడియం ప్లాట్‌ఫారమ్మీద మేక

కొత్తపేటలో రిటైరైన సుబేదారుగారి బల్ల మీద బుల్లి మిలిటరీ రైలు తయారైంది. వ్యాగను మీద ఫిరంగి, ఫిరంగి పక్కన సిపాయి బొమ్మ, ఎదురుగా కడియం స్టేషను, దాని ప్లాట్‌ఫారమ్మీద ఓ మేక. ఆయన భార్య కాఫీ గ్లాసు ఠక్కున పెట్టింది.

“ప్లాట్‌ఫారమ్మీద ఉండాల్సింది నేను కదండీ? నా బొమ్మేదీ?”

“అంత చిన్న సైజులో చీర కట్టిన బొమ్మ దొరకలేదే.”

“మేక మాత్రం దొరికిందేం? కార్గిల్ వెళ్తూ, బండి కడియంలో ఆగుద్ది, రమ్మని కబురంపింది మీరు కాదూ? నెలల పిల్లనెత్తుకుని నాలుగ్గంటలు నిలబడ్డాను. ఆగకుండా పోయింది. నిన్ను చూడనే లేదని పాతికేళ్లుగా చెబుతున్నారు!”

“చూడలేదనే కదా...”

“మరి ఈ సిపాయి మొహం ప్లాట్‌ఫారం వేపు తిప్పేరేం?”

సుబేదారుగారు సిపాయి బొమ్మ మీద నుంచి చెయ్యి తీసేశారు.

“చూశాను. పిల్ల చెయ్యి పట్టుకుని ఊపేవు. నిన్నక్కడ పెడితే, ఈ బండి నడిపినప్పుడల్లా, రోజూ నిన్ను దాటిపోవాలి కదే.”

ఆమె మేకని పీకి బల్ల మీద పడేసింది.

“దాటిపొండి! రోజూ దాటిపొండి! నేనొచ్చినట్టు మాత్రం అక్కడ కనబడాలి.”