పెరటి కాయలు, బజారు కాయలు

"...లారీ ఎక్కి వారంపాటు ఊళ్ళు తిరిగొచ్చిన కూరలో ఏముంటుందమ్మా, అలసట తప్ప? పొద్దున కోసింది మధ్యాహ్నానికి కడుపులో పడాలి. మన మట్టి, మన నీళ్ళు, మందు చుక్క తగలని కాయ. తిన్నవాడి మొహం చూస్తేనే తెలిసిపోతుంది. ఇలా మొదలుపెడితే ఎలా ఉంటుందంటావ్?"

వంటింటి బల్ల దగ్గర కీరకాయ ముక్కలు నములుతూ, రేపు కొత్త దుకాణం తెరిచేటప్పుడు ఇవ్వబోయే ఉపన్యాసాన్ని బావగారు వల్లెవేస్తున్నారు. వింటున్నది ఆయన తమ్ముడి భార్య. ఆ తమ్ముడు పోయి ఏడాదైంది. బావగారి గొంతుకు మాత్రం ఏ లోటూ రాలేదు.

"బాగుంది బావగారూ. ఇంకో కాయ కోయనా?"

"కొయ్యి. తర్వాత వాడి గురించి రెండు ముక్కలు చెప్తాను. వాడి ఫొటో పెద్దది చేయించాను, దుకాణంలో అడుగుపెట్టగానే కనబడేలా. కింద 'మట్టి కోసం బతికినవాడు' అని రాయించాను. చదివితే నాకే కళ్ళు చెమర్చాయి."

"ఫొటో పెడుతున్నారా. నాకు చెప్పలేదే."

"చెప్పడానికేముంది, ఇంటివాడే కదా. జనానికి అలాంటివి బాగా పడతాయి. అబ్బ, ఇవాళ కాయ భలే ఉంది. ఉప్పు కూడా అక్కర్లేదు. బజారుకి పంపేవాటికి ఈ రుచెక్కడిది?"

"వాటికి మీరు మందు కొట్టిస్తారు కదా."

"మెల్లగా మాట్లాడు, కిటికీ తీసుంది. ఆ మాత్రం కొట్టకపోతే పురుగు తినగా మనకేం మిగులుతుంది? అందుకేగా ఇంటికి పెరటి మడి, బజారుకి వెనక మడి అని విడిగా పెట్టుకున్నాం. ఎవరి కాయలు వాళ్ళవి."

"వెనక మడికి మొన్నే కదా కొట్టించారు?"

"మొన్నెక్కడ, నిన్న సాయంత్రం. రేపటికి కాయ మీద మచ్చ ఉండకూడదు."

"నిన్న సాయంత్రమా."

"ఏం?"

"ఏం లేదు. తినండి."

"ఏం లేదంటే ఏం లేనట్టు లేదే."

"అది కాదు బావగారూ. బుట్టలు..."

"బుట్టలకేమైంది?"

"పొద్దున రెండు మళ్ళవీ కోసి పక్కపక్కన పెట్టాను. నేను లోపలికెళ్ళొచ్చేసరికి బండివాడు పెరటి బుట్ట ఎక్కించుకుపోయాడు."

"బంగారంలాంటి కాయలు ఎవరెవరి పాలో చేశావా? దగ్గరుండి చూసుకోవద్దూ? నీ ధ్యాసంతా ఎక్కడుంటుందో."

"అవును బావగారూ, నాదే తప్పు."

"తప్పంటే సరిపోయిందా? పెరటి కాయలు బజారుకి పోతే మరి... ఆగు. మరి ఇవి?"

"ముందు చేతిలో ముక్క కింద పెట్టేయండి."

"ఇవి ఏ బుట్టలోవి అమ్మాయ్?"

"ఇంట్లో మిగిలిన బుట్టలోవి."

"కడిగావా?"

"మన కాయ కడక్కుండా తినొచ్చని బజార్లో మీరే కదా చెప్తారు."

"నాతో పరాచికాలా? నేను రెండు కాయలు తిన్నాను."

"మూడు."

"మూడా. నీళ్ళివ్వు. వద్దు, వద్దు. వాడు కూడా ఆ రోజు నీళ్ళే అడిగాడు."

"అడిగారు. నోట్లోంచి చొంగ కారుతుంటే ఆయనకే తెలియలేదు. మీకు నోట్లో నీళ్ళూరుతున్నాయా?"

"ఊరుతున్నాయి. ఊరుతున్నాయే."

"చెమటలు?"

"చూస్తే తెలియట్లేదా? డాక్టరుకి ఫోన్ చెయ్యి. అలా నిలబడతావేం?"

"ఎవరికి, మీ తమ్ముణ్ణి చూసినావిడకేనా?"

"ఎవరైతేనేం, చెయ్యి తల్లీ."

"మోగుతోంది. స్పీకరు పెట్టాను, మీరే మాట్లాడండి. నాకు చెప్పడం చేతకాదని ఆ రోజు నన్ను బయట కూర్చోబెట్టారు కదా."

"హలో, ఎవరు?"

"డాక్టరమ్మా, నేను... కూరగాయల తోట, దుకాణం... గుర్తుపట్టారా? పురుగుమందు కొట్టిన కాయలు తిన్నాను. నిన్న సాయంత్రం కొట్టిన మందు. కళ్ళు మసకలేస్తున్నాయి."

"కంగారుపడకండి, అంబులెన్సు పంపిస్తున్నాను. ఎవరి తోట కాయలు?"

"నా తోటవే."

"మందులేని పంటలని బోర్డు ఉంటుంది, ఆ తోటా?"

"బోర్డు సంగతి తర్వాత మాట్లాడుకుందాం డాక్టరమ్మా. విరుగుడు ఇంజక్షన్ సిద్ధంగా పెట్టండి."

"పెడతాను. మీ తమ్ముణ్ణి తెచ్చినప్పుడు కూడా పురుగుమందు గురించే అడిగాను. మళ్ళీ మళ్ళీ అడిగాను. మా తోటలో మందు డబ్బాయే లేదన్నారు. బయటి తిండి పడలేదన్నారు."

"అప్పటికి బోర్డు పెట్టి నెల కూడా కాలేదు. మందన్న మాట బయటికొస్తే..."

"అంటే అతను కొట్టాడా?"

"కొట్టాడు. పొద్దంతా వాడే కొట్టాడు. ఇదే మందు. మూతికి గుడ్డ కట్టుకుంటానన్నాడు, దారినపోయేవాళ్ళు చూస్తే అనుమానం వస్తుందని నేనే వద్దన్నాను. చాలా? ఇప్పుడు నన్ను చూడండి, నా ప్రాణం పోయేలా ఉంది."

"ఆ ఒక్కమాట ఆ రోజు చెప్పుంటే అతణ్ణి బతికించేదాన్ని. విరుగుడు నా వెనక అలమరలోనే ఉంది."

"నేనూ విన్నాను డాక్టరమ్మా. మా ఆయన చేత మందు కొట్టించానన్న మాట ఈయన నోటంట వినాలనే ఏడాదిగా ఈ ఇంట్లో పడి ఉండి ఈయనకి వండి పెట్టాను."

"అమ్మా, అవన్నీ తర్వాత. ముందు ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. అంబులెన్సు బయల్దేరింది."

"వెనక్కి పిలిపించండి, ఇంకెవరికైనా అక్కరకొస్తుంది. బుట్టలేమీ మారలేదు. ఈయన తిన్నవి పెరటి కాయలే, నేనే కడిగి కోశాను. పోలీసులొస్తే చాలు."