పదమూడు రావలసిన చోట

లెక్కల ప్రొఫెసరు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు తెడ్డు వేస్తున్నారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న బ్లెస్సీ ఎదుట కూర్చుంది. లంకలో కొబ్బరితోట చూపిస్తానంటే ఎక్కింది గాని, పడవ గోదావరి పాయ నడిమికి వచ్చేసరికి ఎందుకెక్కేనా అనిపిస్తోంది.

“మళ్ళీ చెప్పమ్మా. ఎక్కడ తప్పింది?”

“చెప్పేను కదండీ.”

“మళ్ళీ చెప్పు.”

“మీరు కట్టిన వరుసండి... సంఖ్యని కూడికలుగా ఎన్ని విధాల విడగొట్టచ్చో చూసి, దానికి టోషెంటు లెక్క కట్టి, మీ సూత్రంలో వేస్తే ప్రతిసారీ ప్రైము నంబరే వస్తుందన్నారు కదండీ. చాలా దూరం వచ్చిందండి. తరవాత ఒకచోట రాలేదండి.”

“కంప్యూటరు పొరపాటేమో.”

“కాదండి. వరుసలో ఆ పదం ప్రైము కాదండి, రెండు పెద్ద సంఖ్యల లబ్ధమండి. చేత్తో గుణించి చూసేనండి. అదే వస్తోందండి.”

“ఒక్కచోటే కదా!”

“ఒక్కటి చాలు కదండీ. మొదటిరోజు క్లాసులో మీరే చెప్పేరు. రెండుని రెండు విధాల విడగొట్టచ్చు, మూడుని మూడు, నాలుగుని ఐదు, ఐదుని ఏడు, ఆరుని పదకొండు. వరసగా ప్రైములే. ఏడుకి పదమూడని అందరం అరిచేం. పదిహేను వచ్చింది. మీరు నవ్వేరండి.”

“నవ్వేనా?”

“ఆయ్.”

“రేపు అమలాపురంలో సన్మానం. రుజువు చేసేసేనని పేపర్లో కూడా వచ్చింది. ఆ సూత్రాన్ని ఇప్పుడు నా పేరుతో పిలుస్తున్నారమ్మా.”

“తెలుసండి. అందుకే ముందు మీతో...”

“మంచిపని చేసేవు. ఇంకెవరికి చెప్పేవు?”

“గాలి ఎక్కువవుతోందండి. వెనక్కి పోదామండి.”

“ఇంకెవరికి చెప్పేవు అంటున్నాను.”

“ఎవరికి చెప్తానండీ.”

“మీ నాన్నకి? బాబూరావు మేష్టారికి?”

“ఆయనకివేం అర్థమవుతాయండి. తెలుగు మేష్టారు.”

“ఇటొస్తున్నట్టు ఇంట్లో తెలుసా?”

“మీ ఇంటికెళ్తున్నానని అమ్మకి చెప్పేనండి.”

“పడవ సంగతి?”

“పడవ సంగతి నాకే తెలీదు కదండీ.”

“అవును. తెలీదు.”

“తెడ్డు ఆపేసేరేమండీ?”

“చెయ్యి లాగుతోంది. నా వయసంతా ఆ వరుసకే ధారపోసేనమ్మా. మా ఆవిడ పోయిన రోజు కూడా, జనం వచ్చి కూర్చుంటే, నేను లోపల తరవాతి పదం కడుతున్నాను.”

“సరిచేసుకోవచ్చు సార్. రుజువులో తప్పుందని మీరే చెప్పేస్తే...”

“ఇక్కడ లోతెంతో తెలుసా?”

“సార్.”

“ఈత వచ్చా నీకు?”

“ఎందుకండీ లేస్తున్నారు? సార్, పడవ ఊగుతోందండి!”

“ఈత వచ్చా అని అడుగుతున్నాను.”

“రాదండి! చెప్పేనండి, ఒకరికి చెప్పేను! ఫోన్లో ఉన్నారండి. పడవెక్కినప్పట్నుంచీ వింటున్నారండి!”

“ఎవరు? ఇలా తే... హలో! ఎవరది? ఎవరు మాట్లాడేది?”

“నేను, నాన్నగారూ. సత్యశ్రీని. ఆ తప్పు పట్టుకున్నది బ్లెస్సీ కాదు, నేను. మీ మొహం చూసి చెప్పలేక దాన్ని పంపేను. రేవులోనే ఉన్నాను, మీరు నిలబడ్డం కనబడుతోంది. కూర్చోండి నాన్నగారూ. పడవ తిప్పండి.”