సంతాప సభలో సాక్ష్యం

వద్దక్కా, టీ వద్దు. ముందు మీరు మీ హక్కుల సంఘం గడ్డం కార్యదర్శికి ఫోన్ చేసి నాలుగు చీవాట్లు పెట్టండి. మనిషిని ఓ మాటైనా అడక్కుండా వేదిక మీదకి పిలిచేయడమేంటి? నేనేమైనా ఉపన్యాసాలిచ్చేదాన్నా? ముప్పై నాలుగేళ్లు ఆస్పత్రిలో సూదులు పొడుచుకుని రిటైరైనదాన్ని. వెనక వరసలో ఓ మూల కూర్చుని, సారు ఫొటో దగ్గర నాలుగు పూలు పెట్టి, మెల్లగా జారుకుందామని వెళ్లాను. అంతే.

సారు భార్య ఏరని అడిగితే మీకు జ్వరమని చెప్పారు. రాకపోవడమే మంచిదైంది. వచ్చుంటే మీ కళ్లతో చూసేవారు.

అబ్బ, ఏం జనమక్కా! హాలు పట్టక మెట్ల మీద కూడా నిలబడ్డారు. ఆ మాజీ మంత్రి లేడూ, సారుని దేశద్రోహి అని ఊరూరా తిట్టినాయన? ముందు వరసలో కూర్చుని కళ్లు తుడుచుకోవడమే తుడుచుకోవడం! మైకు అందుకుని, "మా మధ్య అభిప్రాయభేదాలుండేవి గానీ ఆప్యాయతకి ఏనాడూ లోటు లేదు" అన్నాడు. ఆప్యాయతట! సారుని పదకొండు నెలలు జైల్లో పెట్టించిన ఆప్యాయత! ఎవరో రిటైరైన పోలీసాఫీసరు సందేశం పంపితే అదీ చదివారు. "నిప్పులాంటి మనిషి" అట. నాకు ఒళ్లు మండిపోయింది. "వీళ్లకి సిగ్గనేది ఉందా?" అని పక్కావిడతో అన్నాను.

అన్నానక్కా, ఈ నోటితోనే. అరగంట తిరక్కుండా నేను వాళ్లందరినీ మించిపోతానని నాకేం తెలుసు?

ఏమైందంటే... సారు రాసిన ఆ జ్ఞాపకాల పుస్తకం తీశాడు కార్యదర్శి. వెల్డరు కేసు గురించి రాసింది చదివాడు. "ఒక నర్సు ఉద్యోగానికి తెగించి నా దగ్గరికొచ్చి, తను చూసిందంతా చెప్పింది. అలాంటివాళ్లని చూసే నేనీ పని మానలేకపోయాను" అని ఉంటుందే, అది. చదివి తలెత్తి, "ఆ నర్సమ్మ ఇవాళ మన మధ్యే ఉన్నారు" అన్నాడు.

ఇంక చూస్కోండి. హాలు హాలంతా వెనక్కి తిరిగింది.

ఆ కేసు మీకు తెలీదని కాదు. నాకంటే బాగా తెలుసు మీకు. అయినా మొదట్నుంచీ చెప్పనివ్వండి. మధ్యలో ఆగానంటే మళ్లీ నోరు పెగలదు.

ఇరవై రెండేళ్లయింది. నాది ఉదయం డ్యూటీ. ఎనిమిదింటికి పోలీసులు ఒకతన్ని మోసుకొచ్చారు. ముప్పై ఏళ్లుంటాయి. వెల్డింగు పనివాడు. మెట్ల మీంచి పడ్డాడు, రాసుకోండి అన్నారు. డాక్టరు అలాగే రాశాడు. ఒళ్లు తుడిచింది నేను. మెట్ల మీంచి పడితే అరికాళ్లు అలా ఉబ్బుతాయా? మణికట్ల చుట్టూ తాడు ఒరుసుకుపోయిన గుర్తులు. వెల్డింగు మచ్చలకీ, సిగరెట్టుతో కాల్చిన మచ్చలకీ తేడా తెలీని నర్సు ఉంటుందా? నీళ్లడిగాడు. దూదితో పెదాలు తడిపాను. "సిస్టర్, నేను పడలేదు" అన్నాడు. పదింటికల్లా ప్రాణం పోయింది.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. నాలుగోరోజు నా అంతట నేనే సారు లాయరాఫీసు మెట్లెక్కాను. అంతవరకూ పుస్తకంలో రాసింది అక్షరాలా నిజం. అంతా విని కలం మూసేశారు సారు. "ఇది కోర్టులో చెప్పగలవా అమ్మా? ఇప్పుడే ఒప్పుకోకు. ఇంటికెళ్లి అన్నం తిని, పిల్లల మొహాలు చూసుకుని, అప్పుడు చెప్పు" అన్నారు. మర్నాడు వెళ్లి, చెప్తానన్నాను. ఎంత సంబరపడ్డారో! కేసంతా నా మీదే నిలబడింది మరి. వేరే సాక్ష్యం ఏదీ? కాగితాలన్నీ మెట్ల కథే చెప్తున్నాయి.

తర్వాత మీకు తెలుసు. బోనెక్కాను. ప్రమాణం చేశాను. సారు లేచి, "ఆ రోజు మీరేం చూశారో చెప్పండమ్మా" అన్నారు.

నేను గోడ గడియారం వైపు చూసి, "చాలామంది రోగులొస్తారండీ, గుర్తు లేదు" అన్నాను.

మళ్లీ అడిగారు. మళ్లీ గుర్తు లేదన్నాను. మూడోసారి అడగలేదక్కా. రెట్టించి, నా పాత మాటలు ముందుపెట్టి, నన్ను కడిగేయొచ్చు. అడగలేదు. కాగితాలు సర్దుకుని కూర్చున్నారు. వెల్డరు భార్య రెండో బెంచీలో ఉంది, ఒళ్లో ఏడాది పాపతో. కేసు కొట్టేశారు. ఆ ముగ్గురు పోలీసులూ నవ్వుకుంటూ బయటికెళ్లారు.

కారిడార్లో గోడకి అతుక్కుపోయి నిలబడ్డాను. సారు ఎదురుగా వచ్చారు. తిడతారనుకున్నాను. తిడితే బావుణ్ణనుకున్నాను. "ఇంటికెలా వెళ్తావమ్మా? ఆటోవాళ్లు సమ్మెలో ఉన్నారు, మా కారులో దింపమంటావా?" అన్నారు.

అంతకన్నా చెంప పగలగొట్టుంటే సరిపోయేది.

ఆ తర్వాత రెండేళ్లకి మీ సంఘం వైద్య శిబిరాలకి రావడం మొదలెట్టాను కదా. ఆదివారమొస్తే బీపీలు చూడటం, కట్లు కట్టడం. పదిహేనేళ్లు ఒక్క ఆదివారం మానలేదు. పిల్ల పెళ్లిచూపులున్నా వచ్చాను. అందరూ సేవాభావం అన్నారు. ఏం సేవాభావం! సారు కంట పడాలని. ఆయన ఎప్పుడో ఒకరోజు "అప్పుడెందుకలా చేశావు" అని అడుగుతారని. అడిగారా? "కాళ్లనొప్పులు తగ్గాయా అమ్మా" అని అడిగేవారు.

పాతవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొత్త కుర్రకారుకి ఏం తెలుసు? పుస్తకం చదివారు. అందులో సారు నా కథ సగమే రాశారు. నేనొచ్చి చెప్పిన సగం రాసి, బోనెక్కిన సగం వదిలేశారు. "సాక్ష్యం నిలవక కేసు పోయింది" అని ఒక్క ముక్క, అంతే. మిగతాది వీళ్లే పూరించుకున్నారు. నర్సమ్మ ధైర్యంగా చెప్పింది, జడ్జి నమ్మలేదు అని. నా ముందే అనేవారు. నేను కాదనేదాన్ని కాదు, అవుననేదాన్నీ కాదు. బీపీ యంత్రం చుట్టుకుంటూ తలొంచుకునేదాన్ని. వినయమనుకునేవారు.

నిన్న మాత్రం తలొంచుకోలేదక్కా.

మైకు చేతికిచ్చారు. "సారు మహానుభావుడు" అని దిగిపోదామనుకున్నాను. ఒట్టు. ముందు వరసలో ఎవరో అమ్మాయి, కాలేజీ పిల్లలా ఉంది, కళ్లు ఇంత చేసుకుని నన్నే చూస్తోంది. అది చూసి నాకేమైందో! "ఆ రోజు కోర్టులో నిలబడి నేను చూసింది చూసినట్టు చెప్పాను" అన్నాను. చప్పట్లు! "అటువైపు లాయరు ఎంత బెదిరించినా వెనక్కి తగ్గలేదు" అన్నాను. మళ్లీ చప్పట్లు! పది నిమిషాలు మాట్లాడాను. సారు అడగని మూడో ప్రశ్న కూడా నేనే కల్పించి, నేనే జవాబు చెప్పాను. మాటలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయో! ఇరవై రెండేళ్లుగా లోపల వల్లె వేసుకుంటున్నట్టున్నాను, నాకే తెలీకుండా.

ఊ... చెప్తున్నా. కాస్త మంచినీళ్లిలా ఇవ్వండి.

దిగబోతూ చూశాను. నడవ పక్కన, అయిదారు వరసల వెనక. జుట్టు సగం నెరిసింది. అయినా పోల్చుకోలేనా? వెల్డరు భార్య. పక్కన కూతురు, ఆనాటి పాప, ఇప్పుడు తల్లికంటే పొడుగు. ఆ పిల్ల చప్పట్లు కొడుతోందక్కా. తల్లి చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

ఆవిడ మొహంలో కోపం లేదు. ఏదో పాత చుట్టాన్ని గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది. సంచీ తీసుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆ సంతకాల పుస్తకం పెట్టుకుని కూర్చున్న వాలంటీరు ఆపాడు. "అమ్మా, మీరు సారుకి ఏమవుతారు? రెండు మాటలు రాసి వెళ్లండి" అన్నాడు. నేనప్పటికి వేదిక దిగి అక్కడికే వచ్చాను, రెండడుగుల దూరంలో ఉన్నాను. ఆవిడ నన్ను చూసింది. చూసి, ఆ కుర్రాడితో, "ఏమీ కాను బాబూ, ఊరికే వచ్చాను" అంది.

ఊరికే వచ్చిందట!

ఆ సభలో ఆయన్ని తల్చుకుని ఏడ్చే హక్కు మీ తర్వాత ఎవరికైనా ఉంటే అది ఆవిడకి. ఒక్క మాట... "ఈవిడ అబద్ధమాడింది" అని ఒక్క మాట అంటే చాలు. అందరూ వినేవారు. అనలేదు. కూతురి ముందు అనడం ఇష్టం లేకో, సారు సభ పాడుచేయడం ఇష్టం లేకో. నేనైనా "ఈవిడే ఆ వెల్డరు భార్య, రండమ్మా పైకి" అనొచ్చు కదా? అనలేదు. పక్కకి జరిగి దారిచ్చాను. అదొక్కటే చేసింది నేను.

పొద్దున్న పేపరు చూశారా? మూడో పేజీలో నా ఫొటో. మైకు పట్టుకుని చెయ్యెత్తి ఉన్నాను. మా మనవరాలు కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. "అమ్మమ్మా, మా క్లాసులో చెప్పనా?" అంది. చెప్పొద్దు అనలేకపోయాను. ఫ్రిజ్ తలుపు తీసినప్పుడల్లా నా మొహం నా మీదకొస్తోంది.

ఏంటీ? సారు మీకు చెప్పారా? ఏమని? "పాపం ఆ అమ్మాయిని బెదిరించారు, పిల్లలున్నారు, ఏం చేస్తుంది" అనా?

అక్కా... అక్కడికే వస్తున్నాను. ఇన్ని మాటలూ ఆ ఒక్క మాట చెప్పలేక చెప్తున్నవే.

ఎవరూ బెదిరించలేదు.

నిజం. ఒక్కళ్లు కూడా గొంతు పెంచలేదు. బోనెక్కడానికి రెండ్రోజుల ముందు మా సూపరింటెండెంటు గదికి పిలిచి కుర్చీ చూపించాడు. "హెడ్ నర్సు పోస్టు ఖాళీ అవుతోందమ్మా, మీ పేరు పంపుదామనుకుంటున్నాను. రోజుకి వందమందిని చూస్తారు, అందరూ గుర్తుంటారా? గుర్తు లేదంటే అబద్ధమేం కాదు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను. మా ఆయనకైతే ఇదేం తెలీదు. "నిజం చెప్పు, ఏమొచ్చినా చూసుకుందాం" అనే అన్నాడు పాపం.

రెండు నెలల తర్వాత సారుకి ఉత్తరం రాశాను, పిల్లల్ని ఎత్తుకుపోతామని బెదిరించారని. ఆయన నమ్మారో, నమ్మినట్టుండిపోయారో. నమ్మారంటున్నారు మీరు. నమ్మే పోయారన్నమాట. హెడ్ నర్సునై పదకొండేళ్లు చేశాను. తెల్ల కోటు మీద ఆ నీలం పట్టీ... ఎంత ముచ్చటపడి కుట్టించుకున్నానో చెప్తే మీరు అసహ్యించుకుంటారు.

వద్దు, చెయ్యి తియ్యండి. ఓదార్చకండి దయచేసి.

ఇంకోటి కూడా చెప్పేసి వెళ్తాను. పొద్దున్న నేను ముందు ఇక్కడికి రాలేదు. ఆ వెల్డరు భార్య ఇంటికే బయల్దేరాను. ఎక్కడుంటోందో పాత వాలంటీరు ఒకతన్ని అడిగి కనుక్కున్నాను. వీధి మొదట్లో దిగాను. కింది వాటాలో కుట్టుమిషను, కిటికీ తెరిచే ఉంది. తలొంచుకుని సూదిలో దారం ఎక్కిస్తోంది. పది అడుగులుంటాయేమో. ఎక్కించడం అయిపోతే తలెత్తుతుంది. అది అయ్యేలోపే నేను మలుపు తిరిగేశాను.

మలుపు తిరిగి ఇక్కడికొచ్చాను. మీరైతే తిట్టరుగా. మంచినీళ్లిస్తారు, చెయ్యి పట్టుకుంటారు. సారు భార్యకి చెప్పేశాను, అయిపోయింది అనుకోవచ్చు. అందుకొచ్చాను.

ఆవిడ దగ్గరికి వెళ్తావా అని అలా చూడకండి. ఏమో. మీతో నిజమే చెప్పాలి కదా ఇంక... ఆవిడ నిన్న ఆ సభకి రాకపోయుంటే, నేనివాళ మీ గుమ్మం కూడా తొక్కేదాన్ని కాదక్కా. ఆ పేపరు ముక్క చూసుకుని మురుస్తూ ఇంట్లోనే కూర్చునేదాన్ని.