పాత డిపో స్థలంలో ఇళ్ళు

పాడుబడ్డ బస్సు డిపో స్థలంలో పేదలకు చౌకగా ఇళ్ళు కట్టాలా వద్దా అని నగరపాలక సంస్థ హాల్లో సభ పెట్టి చుట్టుపక్కల వాళ్ళ అభిప్రాయం అడుగుతోంది. అక్క మైకులో మాట్లాడి బయటికి రాగానే, వెనక వరుసలో కూర్చుని అంతా విన్న చెల్లెలు మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"ఏంటక్కా ఆ మాటలు? అద్దెకొంపల వాళ్ళొస్తే మీ వీధి పాడైపోతుందా?"

"నువ్వొచ్చావా! నిన్ను అనలేదే."

"వానొస్తే మంచం ఎటు జరపాలో తెలియని గది నాది. అది అద్దెకొంప కాక మేడా?"

"నువ్వు వేరే."

"ఇక్కడ ఇల్లు కావాలని అర్జీ పెట్టుకున్నాను. నీకు దగ్గర్లో ఉండొచ్చని ఆశపడ్డాను."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే? ఇదే మాట కాస్త గొంతు తగ్గించి అనేదానివి."

"మా ఇంటి విలువ పడిపోతుందని మీ బావ ఒకటే పోరు."

"బావ మీదికి నెట్టకు. అందరూ చప్పట్లు కొడుతుంటే నీ మొహం వెలిగిపోవడం చూశాను."

ఇంకెవరైనా మాట్లాడతారా అని లోపల అధికారి అడుగుతున్నాడు. చెల్లెలు అటు తిరిగింది. అక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగవే! నా చెల్లెలివని మాత్రం చెప్పకు. రేపు వీధిలో తలెత్తుకోలేను."

చెల్లెలికి ఒళ్ళు మండిపోయింది. చెయ్యి విదిలించుకుంది.

"చెప్పనులే. నాకూ సిగ్గే."

అని, సరాసరి మైకు దగ్గరికి నడిచింది.