కిటికీ వైపు కుర్చీ

ఇంటాయన రేపు ఆసుపత్రి నుంచి వస్తాడనగా, సగం పీకేసిన వంటింట్లో ముగ్గురు: ఆయన భార్య, మూలన పాత బల్ల బిగిస్తున్న వడ్రంగి మేస్త్రి, అప్పుడే గుమ్మంలో అడుగుపెట్టిన ఆయన అక్క.

"చెప్పులు విప్పకండి వదినా, కింద మేకులున్నాయి. చూసుకుని రండి."

"చూస్తూనే ఉన్నాను. గోడకుండాల్సిన అలమరాలేవి?"

"పెరట్లో పెట్టించాను."

"పెరట్లో. ఆరు ఆదివారాలు వంగి లేచి వాడు తన చేత్తో బిగించుకున్న అలమరాలు పెరట్లో."

"పైన పట్టా కప్పించాను లెండి. తడవవు."

"తడుస్తాయా అని అడిగానా నేను? ఐదు వారాలుగా మనిషి మంచం మీద ఉంటే నువ్విక్కడ వంటిల్లు సింగారిస్తున్నావు. బస్సు దిగిన దగ్గర్నుంచీ సుత్తి చప్పుడే. ఎవరో ఇల్లు కూలగొట్టిస్తున్నారు పాపం అనుకుంటూ వచ్చాను. తీరా చూస్తే మనదే."

"కూలగొట్టడం కాదు పెద్దమ్మగారూ, అతికించడం. ఈ బల్లకి నాలుగు కాళ్ళుంటే నాలుగూ నాలుగు పొడుగులు. నేల వంకరా, బల్ల వంకరా అని పొద్దుట్నుంచీ నాకూ దీనికీ పంచాయితీ."

"నీ పని నువ్వు చూసుకో మేస్త్రీ."

"చూసుకుంటున్నానమ్మా. ఎవరైనా పాతది పీకి కొత్తది పెట్టమంటారు. ఈ అమ్మగారు కొత్తది పీకి పాతది పెట్టమంటున్నారు. నా సర్వీసులో ఇదే మొదలు."

"ఏం పాతది? ఈ బల్ల ఎక్కడిది?"

"కొన్నాను వదినా. పాత సామాన్ల కొట్లో."

"ఈ బెంచీ?"

"అక్కడే."

"ఆ జాలీ తలుపుల బీరువా?"

"అది ఇంకో కొట్లో. మూడు వారాలు తిరిగితే దొరికింది."

"మూడు వారాలు. అందుకన్నమాట మధ్యాహ్నాలు నువ్వు ఆసుపత్రిలో కనపడనిది. నేనక్కడ వాడి పక్కన కూర్చుని గుక్క గుక్క పాలు పట్టిస్తుంటే నువ్వు బెంచీలు బేరమాడుతున్నావు."

"అవును."

"అవునట. పాతవంటే నీకు ఎప్పట్నుంచి ఇంత మోజు? కాపురానికొచ్చిన ఏడాది తిరక్కుండానే మా అమ్మ బల్లకి చెద పట్టిందన్నావు, బెంచీ ఇరుకన్నావు, బండెక్కించి పంపించేశావు. అప్పుడు నేను ఒక్క మాటన్నానా?"

"అన్నారు. చాలా అన్నారు."

"అంటే అన్నాను. అనాల్సిందే."

"చెద పట్టలేదు వదినా. ఊరికే అన్నాను. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంట్లో ఏది ముట్టుకున్నా అది అమ్మది, ఇది అమ్మది అనేవారు మీరిద్దరూ. నాదంటూ ఒక్క మూలైనా ఉండాలనిపించింది."

"ఇన్నేళ్ళకి నోరు విప్పావు."

"మంచినీళ్ళు తాగుతారా?"

"వద్దు. కూర్చోను కూడా. ఒక్క మాట చెప్పి వెళ్ళిపోతాను. రేపు డిశ్చార్జ్ అయ్యాక వాణ్ణి మా ఇంటికి తీసుకెళ్తున్నాను."

"అమ్మగారూ, బల్ల ఇంకో రెండంగుళాలు మూలకి జరపమంటారా?"

"ఒక్క నిమిషం మేస్త్రిగారూ. ఆ సుత్తి కాసేపు ఆపండి. ఏమన్నారు వదినా?"

"విన్నావుగా. డాక్టర్‌తో కూడా మాట్లాడాను."

"డాక్టర్‌తో మాట్లాడారు. నాతో?"

"నీతో ఇప్పుడు మాట్లాడుతున్నాగా. మా కింది గది ఖాళీ చేయించాను. మెట్లెక్కే పని లేదు."

"మంచం కూడా వేయించేశారా?"

"వేయించాను."

"అయితే ఇది ఇవాళ అనుకున్న మాట కాదు."

"పది రోజులైంది. ఎప్పుడనుకుంటేనేం. నిష్ఠూరంగా ఉన్నా ఎవరో ఒకరు చెప్పాలి. నువ్వెవరో వాడికి తెలీడం లేదు. నీ ఎదురుగానే అడిగాడు కదా నర్సమ్మని, 'ఈవిడ ఎవరి తాలూకు' అని."

"విన్నాను."

"నువ్వు చెంచా పెడితే నోరు బిగించేస్తాడు. 'మీకెందుకండీ శ్రమ' అంటాడు. పక్క మంచం వాళ్ళ మనిషి పొరపాటున తనకి సేవ చేస్తున్నట్టు మొహమాటపడిపోతాడు. నేను వెళ్తే అక్కా అంటాడు, గ్లాసు ఖాళీ చేస్తాడు. వాడెక్కడ కుదురుగా ఉంటే అక్కడ ఉంచాలా, నీ పంతం కోసం ఇక్కడ కట్టిపడేయాలా?"

"పంతం కాదు."

"మరేంటి? భార్యననా?"

"వదినా, బుధవారం సాయంత్రం మీరు ఆసుపత్రి గదిలోంచి తొందరగా వచ్చేశారు. ఎందుకు?"

"ఏ బుధవారం?"

"మొన్న. నేను మెట్లెక్కుతున్నాను, మీరు దిగుతున్నారు. పిలిచినా ఆగలేదు."

"బస్సు టైమైంది."

"ఆ బస్సు అరగంటకొకటి వస్తుంది."

"కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయాను. చీకటి పడితే మెట్లు కనపడవని... అయినా అదంతా ఇప్పుడెందుకు?"

"బస్సా, కళ్ళజోడా?"

"నన్ను నిలదీస్తున్నావా?"

"లేదు. నిన్న మీరు రానేలేదు. ఫోన్ చేసి ఊరుకున్నారు. నర్సమ్మ నాకు చెప్పింది వదినా."

"ఏం చెప్పింది?"

"మీరే చెప్పండి."

"చెప్పడానికేముంది. వాడు నిద్రమత్తులో ఉన్నాడు."

"నిద్రమత్తులో ఏమన్నారు?"

"మా అక్క ఏదీ అన్నాడు."

"అప్పుడు?"

"నేనేరా అన్నాను. మా అక్కకి రెండు జడలుంటాయి, నువ్వు ముసలమ్మవి అన్నాడు. తెల్లమొహం వేశాను. దగ్గరికెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. భయపడ్డాడు. మంచం ఆ చివరికి జరిగిపోయి, గోడకి అతుక్కుని, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు. నన్ను చూసి. వాణ్ణి చంకనెత్తుకుని తిప్పినదాన్ని, నన్ను చూసి."

"కూర్చోండి వదినా. ఆ బెంచీ మీద కూర్చోండి."

"బెంచీ గట్టిదే పెద్దమ్మగారూ, భయం లేదు. బల్ల మీద మాత్రం మోచెయ్యి ఆనించకండి."

"నువ్వు నోరు మూసుకో మేస్త్రీ. అమ్మాయ్, ఆ మంచినీళ్ళు ఇలా ఇవ్వు."

"ఇదిగో. నెమ్మదిగా."

"అందరికీ చెప్పుకున్నాను, నన్నొక్కదాన్నే గుర్తుపడుతున్నాడని. గొప్పగా చెప్పుకున్నాను."

"గొంతు గుర్తుపడుతున్నారు. నిన్న ఫోన్లో మీ మాట వినగానే మొహం విప్పారిందట. చూస్తేనే కంగారు పడుతున్నారు. ఆయనకి గుర్తున్న మొహాలు వేరు, మన మొహాలు వేరు."

"ఎన్నేళ్ళవాడు వాడిప్పుడు, వాడి లెక్కలో?"

"డాక్టర్ అడిగితే తొమ్మిదన్నారట. వచ్చే నెలకి పది అని కూడా అన్నారట."

"తొమ్మిది. అమ్మ ఉన్న ఆఖరి ఏడాది."

"అవును."

"ఆ రోజులకే ఎందుకు పోయాడు వాడు?"

"తెలీదు. నిచ్చెన మీంచి పడ్డప్పుడు తల ఎటు తగిలిందో, ఏది చెరిగిందో, ఏది మిగిలిందో. రోజూ పొద్దున్నే లేచి ఇంటికెళ్తానంటారు. ఏ ఇల్లండీ అంటే, మూల బల్ల ఉన్న ఇల్లు అంటారు. బెంచీ మీద పాక్కుంటూ లోపలికెళ్ళి గోడ పక్కన కూర్చుంటానంటారు. మీరు మీ ఇంటికి తీసుకెళ్ళండి, అక్కడా ఇంటికెళ్తాననే అంటారు. నేను ఆ కొత్త వంటింట్లోకి తీసుకొచ్చినా అంతే. ఇల్లు అదే, మూలే మాయమైంది. మాయం చేసింది నేనే. ఏడు కిలోలు తగ్గారు వదినా. ఒక్క పూటైనా నా ఇంట్లో కడుపునిండా పాలు తాగితే చాలు."

"అయితే ఇవన్నీ దేన్ని చూసి తెచ్చావు?"

"మీ చిన్నప్పటి ఫోటో. మీరూ ఆయనా ఇదే మూలన బల్ల దగ్గరున్నది. అదొక్కటే దొరికింది."

"అమ్మ తీసింది అది. నలుపూ తెలుపూ కదా."

"అదే చిక్కు. గోడ ముదురుగా కనిపించింది. నీలమనుకుని వేయించాను."

"నీలం కాదు."

"కాదా?"

"ఆకుపచ్చ. ఆకు రంగు కాదు, మందు సీసాలుండేవి చూడు, ఆ పచ్చ. గోరుతో గీకితే ఊడొచ్చేది. వాడు బెంచీ వెనకాల అంతా గీకేసేవాడు."

"మేస్త్రిగారూ, మీ రంగులాయన్ని ఇవాళే రమ్మనండి."

"ఇవాళంటే తిడతాడమ్మా."

"తిట్టనివ్వండి."

"బెంచీ కూడా ఇక్కడ కాదు. ఈ అడ్డగోడకి కాదు, ఆ పక్క గోడకి. వాడు లోపల, నేను బయట. వాడు దిగాలంటే నేను లేవాలి. నేను లేచేదాన్ని కాదు. బల్ల కిందనుంచి దూరి పోయేవాడు."

"జరపండి మేస్త్రిగారూ."

"బిగించేశానమ్మా."

"విప్పండి."

"విప్పుతాను. బిగించడం, విప్పడం, ఇదేగా మా బతుకు."

"అమ్మాయ్, ఒక మాటడుగుతాను. ఇది వాణ్ణి మోసం చేయడం కాదా?"

"అవును, మోసమే."

"రేపు వాడికి నయమైతే?"

"నయమైతే నా మీద కేకలేస్తారు. ఎవడు పీకమన్నాడు నా అలమరాలు, నీకు మతి గానీ పోయిందా అంటారు. ఆ తిట్లు తినడానికి ఎన్నాళ్ళయినా కూర్చుంటాను."

"కాకపోతే?"

"మేస్త్రిగారూ, కాలి కింద చెక్క పెట్టాక బల్ల ఊగడం ఆగిందా?"

"ఆగిందమ్మా. ఎగిరి గంతేసినా కదలదు."

"నా మాటకి జవాబు చెప్పలేదు నువ్వు."

"కాకపోతే ఈ బల్ల ఇక్కడే ఉంటుంది వదినా, నేనూ ఇక్కడే ఉంటాను."

"సరే. మా కింది గది ఎక్కడికీ పోదు. ముందు ఇక్కడికే తీసుకొద్దాం. గుమ్మంలోకి వచ్చేటప్పుడు నేను వెనక నడుస్తూ మాట్లాడుతుంటాను. మొహం చూపించను."

"మీరు అలా దాక్కోవాల్సి వస్తుందనుకోలేదు."

"నాకేం. చిన్నప్పుడు దాగుడుమూతల్లో ఎప్పుడూ నన్ను కనిపెట్టలేకపోయేవాడు. ఆ గుడ్డ కప్పిన కుర్చీ ఏంటి? ఫోటోలో కుర్చీ లేదే."

"లేదు. అది నేనే చూసి తెచ్చాను. ఫోటోలో మీ ఇద్దరే ఉన్నారు. అత్తయ్యగారు ఎక్కడ కూర్చునేవారు?"

"మాకెదురుగా. కిటికీకి వీపు పెట్టి. పొద్దుటెండ సూటిగా ఆ కిటికీలోంచే వచ్చి మా కళ్ళల్లో పడేది. అమ్మ మొహం కనపడేది కాదు."

"అసలు కనపడేదే కాదా?"

"నల్లగా ఆకారం. చెవి పక్కన రేగిన వెంట్రుకలు మాత్రం మెరుస్తుండేవి. మాట వినపడేది, గ్లాసు ముందుకి జరిపే చెయ్యి కనపడేది. ఎందుకు?"

"ఊరికే. మేస్త్రిగారూ, ఈ కుర్చీ కిటికీకి ఆనించి వేయండి. అటు కాదు, వీపు అటు."

"వేయకు మేస్త్రీ. నా మాట విను అమ్మాయ్. ఖాళీ కుర్చీ కళ్ళబడితే వాడు ఊరుకోడు. అమ్మేదీ అని మొదలెడతాడు. నన్ను అడిగేదంతా అదే, అమ్మ ఎప్పుడొస్తుంది, అమ్మ ఎందుకు రాలేదు. ఊరెళ్ళిందని చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది. రేపు ఈ మూల చూశాక ఆ మాట నమ్ముతాడా? ఏం చెప్తావు?"

"ఏమీ చెప్పను."

"చెప్పకుండా?"

"ఆవిడ గట్టిగా మాట్లాడేవారా, నెమ్మదిగానా?"

"నెమ్మదిగా. పక్క గదిలోకి వినపడేది కాదు. ఎందుకడుగుతున్నావు?"

"తల ఎలా దువ్వుకునేవారు?"

"వెనక్కి లాగి ముడి. అమ్మాయ్, ఇటు చూడు. నా మొహంలోకి చూసి చెప్పు. ఏం చేయబోతున్నావు నువ్వు?"

"ముప్పై ఏళ్ళు ఆయన పక్కన కూర్చుని తిన్నాను వదినా. రేపట్నుంచి ఎదురుగా కూర్చుంటాను. పాలు తాగమని అత్తయ్యగారు ఆయన్ని ఏమని పిలిచేవారో, ఆ పిలుపొకటి నాకు నేర్పండి."