క్లబ్బు కోర్టులో జిల్లా పోటీలు

బొగ్గుగనుల ఊళ్లో ఆఫీసర్ల క్లబ్బు గేటుకు కొంచెం ఇవతల, చీపురుతో తల్లి, బాల్ బ్యాడ్మింటన్ బ్యాటుతో కూతురు నిలబడ్డారు.

"మనసొంటోళ్లను లోపలికే రానియ్యరు గదా, జిల్లా పోటీలు ఈడ ఎందుకు పెట్టిండ్రమ్మా?"

"మంచి కోర్టు వీళ్ల కాడనే ఉంది బిడ్డా. మెల్లగ మాట్లాడు."

"నేను ఈ కోర్టుల నేర్చుకున్ననని తెలిస్తే?"

"నేను పొద్దుగాల ఊడ్చేటప్పుడు నిన్ను దొంగచాటుగ ఆడనిచ్చిన్నని తెలిస్తే నా నౌకరి పోతది."

"అయితే ఓడిపొమ్మంటవా?"

"అయ్యో, గట్లనకు. గెలువు. కానీ కోర్టు ఎటుందో ఎరగనట్టు గేటు కాడ అడుగు. నన్ను చూసి అమ్మా అని పిలువకు."

"పిలువను."

"మరి గేటు కాడికి నడువవేంది?"

"రోజూ నా చేతుల బువ్వ తినే క్లబ్బు కుక్క నన్ను చూసి తోక ఊపుతుందమ్మా. వాచ్‌మన్ దాన్నే చూస్తుండు."